దొరసానిగారి సమాధి దాకా, అల్ఫారెట్టా నుంచి ఒక్క రోజులో

మా అమ్మమ్మ సువార్తమ్మ గుంటూరు జిల్లాలో ఒక మిషన్ హాస్టల్లో చదువుకుని టీచరైంది. మా పేటలో బడి గడప తొక్కిన మొదటి ఆడపిల్ల తనే. అందుకే ఆ బడి పెట్టిన అమెరికా దొరసానిగారంటే మా ఇంట్లో అందరికీ భక్తి. మా పిన్ని కూడా టీచరుగా రిటైరై, మొన్న అక్టోబర్‌లో అమెరికాకి, అల్ఫారెట్టాలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే "ఆవిడ సమాధి ఎక్కడుందో కనుక్కోవే, కొవ్వొత్తి వెలిగించి వందనాలు చెప్పుకోవాలి" అని నా ప్రాణం తీసింది.

వెతికితే సౌత్ కరోలినాలో ఓ చిన్న ఊళ్లో తేలింది. ఆవిడవీ, వేరే దేశాలకి వెళ్లిన మిషన్ వాళ్లవీ ఉత్తరాలు కూడా అక్కడి కాలేజీ లైబ్రరీలోనే ఉన్నాయట. శుక్రవారం లీవ్ పెట్టి, పొద్దున్న ఆరున్నరకి బయల్దేరి 285 హైవే మీదుగా 85 నార్త్ ఎక్కాం. ఏడు దాటిందా, ట్రాఫిక్‌లో ఇరుక్కుని చస్తారు, చెప్తున్నా. కారు గ్యాస్‌కి నలభై డాలర్లు, టిఫినుకి పిన్ని కట్టిన పులిహోర. మూడు గంటల్లో దిగిపోయాం.

పాత కాగితాలు చూసే గది పదింటికి తెరుస్తారు. ఫీజు లేదు గానీ వారం ముందే ఈమెయిల్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అక్కడ పనిచేసే పెద్దావిడ అట్టపెట్టెలు తెచ్చిపెడుతూ, "పోయిన వారం కాంగో నుంచి ఒకాయన వచ్చాడు, అంతకుముందు కొరియా వాళ్లు. అందరూ వాళ్ల అమ్మమ్మల బడి కోసమే వస్తారు" అంది. చదువు మనది కాదనుకున్న ఎన్ని దేశాల ఇళ్లల్లో ఈ చర్చీలవాళ్లు పలక పెట్టారో కదా అని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో పెట్టెలో అమ్మమ్మ పేరు దొరికింది. తెలుగులో చెప్పబోయి ఆగిపోయాను.

"చెప్పవే, ఏం రాసింది?" అంది పిన్ని.

"సువార్తమ్మకి రెండేళ్లయినా అక్షరాలు రాలేదు. ఈ పిల్లకి చదువు అబ్బదు, వంటింట్లో పెడుతున్నాను" అని రాసింది దొరసానిగారు. పిన్ని ముఖం మాడిపోయింది. మరుసటి ఏడాది ఉత్తరంలో ఇంకో మాట: "వంటింటి సువార్తమ్మ కీర్తన గడగడా చదివింది. మా బైబిల్ స్త్రీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేర్పిందట." బైబిల్ స్త్రీలంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకి వాక్యం చెప్పి, చదవడం నేర్పిన మన తెలుగువాళ్లే. ఆ నేర్పినావిడ పేరు మాత్రం దొరసానిగారు రాయలేదు.

"రాహేలమ్మగారు," అంది పిన్ని మెల్లగా. "బొగ్గుతో గచ్చు మీద అక్షరాలు దిద్దించేదని అమ్మ చెప్పేది. ఎవరో చుట్టం అనుకున్నానే. ఎప్పుడూ అడగలేదు."

బయటికి రాగానే, "ఇంటికి పోదాం పద. మా అమ్మ పనికిరాదన్న మనిషికి నేనెందుకు వందనాలు చెప్పాలి?" అంది. నాకూ ఒళ్లు మండుతూనే ఉంది. ఎదురుగా ఉన్న షాపులో రెండు సాండ్‌విచ్‌లు ఇరవై రెండు డాలర్లు. పిన్ని ముట్టుకోలేదు. సాండ్‌విచ్ పక్కకి జరిపి, "ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేనూ కొంతమంది పిల్లల గురించి ఇదే మాట అన్నాను. వాళ్లకి ఏ రాహేలమ్మగారైనా దొరికారో లేదో" అని కళ్లు తుడుచుకుంది. "సమాధి దగ్గరికే పోనీ."

శ్మశానం అక్కడికి పది నిమిషాలు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి, మన సమాధుల పండగలో లాగే కొవ్వొత్తి వెలిగించి, పిన్ని ఆ రాయితో తెలుగులోనే మాట్లాడింది. "అమ్మగారూ, మీరు బడి పెట్టబట్టే మా అమ్మ ఆ వంటింటి దాకా అయినా వచ్చింది. అందుకు మీకు వందనాలు. అక్షరాలు నేర్పింది మాత్రం రాహేలమ్మగారు. అది కూడా మీకు చెప్పాలి కదా."

ఇద్దరికీ రుణపడి ఉన్నాం అనిపించింది నాకు. ఒకరికి పాలరాతి సమాధి ఉంది, ఇంకొకరిది ఏ ఊళ్లో ఉందో కూడా మాకు తెలీదు. నాలుగున్నరకి మూసేలోపు మళ్లీ లైబ్రరీకి డ్రైవ్ చేశాను. పెద్దావిడ ఒక చీటీ ఇచ్చి, రాసిస్తే ఆ ఉత్తరంతోనే ఫైల్‌లో పెడతానంది. పిన్ని "రాహేలమ్మ, టీచరు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది.

మీరూ ఇలా వెళ్లేట్టయితే, ముందు ఇంట్లో పెద్దవాళ్లకి ఒక ఫోన్ చేసి, వాళ్లకి చదువు చెప్పినవాళ్ల పేర్లన్నీ అడిగి రాసుకోండి. ఆ పెట్టెల్లో దొరల పేర్లు ఎలాగూ ఉంటాయి. మనవాళ్ల పేర్లు మనమే తీసుకెళ్లాలి.