మార్చని క్లచ్ ప్లేట్

మా కారుకి క్లచ్ ప్లేట్ ఎప్పుడూ మార్చలేదు. మార్పించానని మా ఆవిడతో చెప్పాను. అది తన వల్లే పాడైందని ఆమె అనుకుంటే కాదనలేదు. అలా కాదనకుండా ఏడేళ్ళు గడిపాను. అప్పట్లో నా నోటి వెంట ఈ కథ విని నవ్వినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం కూడా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను పోర్టులో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల మరమ్మతు పనిలో ఉన్నాను. అరిగిపోయి తీసేసిన బెల్టు ముక్క మా వాళ్ళ ప్రతి ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. గుమ్మం ముందో, వాషింగ్ మెషీన్ కిందో, స్కూటర్ మీద కాళ్ళు పెట్టుకునే చోటో. దళసరి రబ్బరు, మధ్యలో గుడ్డ పొరలు, కత్తికి ఓ పట్టాన లొంగదు. కారు కొన్న కొత్తలో నా బూట్లకంటిన బొగ్గుపొడితో లోపలి కార్పెట్ నల్లబడుతోందని, డ్రైవర్ కాళ్ళ దగ్గర పట్టేలా ఒక ముక్క నేనే కోసి పరిచాను. జన్మలో చిరగదని చెప్పుకుంటూ ముగ్గురు నలుగురికి చూపించాను కూడా.

గేర్లు బిగిసింది ఆ తర్వాతే. నాకు ఆ రెండింటికీ సంబంధం తట్టలేదు. సముద్రం గాలికి లోపల ఏదో తుప్పు పట్టి ఉంటుందనుకున్నాను. భుజం బలంతో రాడ్డు తోసేవాణ్ణి. గరగరమంటూ పడేది. అలాగే నడుపుకుంటూ పోయాను.

మా ఆవిడ అప్పుడే డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్స్ తెచ్చుకుంది. మధురవాడలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. మధురవాడ ఊరికి ఆ చివర, మేముండేది గాజువాక అవతల, ఈ చివర. కారులో వెళ్ళొస్తాననే ధైర్యంతోనే ఆ ఉద్యోగానికి ఒప్పుకుంది. అలవాటు కోసం వారం రోజులు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపింది. గేరు పడకపోతే బలవంతం చేయొద్దని స్కూల్లో చెప్పారట. బండిలోనే ఏదో ఉందండీ అని రెండుసార్లు అంది. నీకు క్లచ్ పూర్తిగా తొక్కడం రావట్లేదని నేనన్నాను.

ఆ ఆదివారం ఆమే నడుపుతూ చర్చికి బయల్దేరాం. వెనక సీట్లో మా అక్క. గాజువాక జంక్షన్‌లో సిగ్నల్ పడి ఆగాం. పచ్చ లైటు వచ్చింది, ఫస్ట్ గేర్ పడలేదు. ఎలాగో పడేసరికి బండి ముందుకి గెంతి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ అంతే. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"దిగు. నీ వల్ల కాదు" అన్నాను.

ఆమె నడిరోడ్డు మీద దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి ఇటు వచ్చి కూర్చుంది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నలుగురూ నిలబడి ఉన్నప్పుడు, కారు కప్పలా ఎలా గెంతిందో నేను చేసి చూపించాను. అక్క కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. మా ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

మర్నాడు కారుని నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. వరసేమీ లేకపోయినా నన్ను బావా అనే పిలుస్తాడు. ఇంజన్ ఆపించి గేర్లన్నీ వరసగా వేసి చూశాడు. ఐదూ మెత్తగా పడ్డాయి, రివర్స్‌తో సహా. ఇంజన్ స్టార్ట్ చేసి మళ్ళీ వేశాడు. రివర్స్ గరగరమంది.

"గేర్ బాక్సుకేటీ అవలేదు బావా. ఆపితే ఎన్నలాగ పడతన్నాయి కదా. క్లచ్ తొక్కినా ఇంజను పూర్తిగా ఇడిపోతల్లేదు, అదీ రోగం" అన్నాడు.

బానెట్ ఎత్తి క్లచ్ కేబుల్ చూశాడు. బాగానే ఉంది. తర్వాత తలుపు తీసి నేల మీద గొంతుక్కూర్చుని, క్లచ్ పెడల్‌ని అరచేత్తో కిందికి నొక్కాడు. అది సగం పైన దిగి టక్కున ఆగింది. కింద వేలు పెట్టి చూశాడు. నా బెల్టు ముక్కని రెండు చేతులా పట్టుకుని బయటికి లాగి, తన కాళ్ళ దగ్గర పడేశాడు.

"ఏటిది బావా? కారులో బొగ్గేటైనా తోల్తన్నావా?"

నవ్వుతూనే పెడల్ మళ్ళీ నొక్కాడు. ఈసారి అడుగు దాకా దిగింది. రివర్స్ చప్పుడు లేకుండా పడింది. పావుగంట పని. అంతవరకూ ఎవరు నడిపారని అడిగాడు. మా ఆవిడ నడిపిందనీ, తన వల్ల కాదని దింపేశాననీ చెప్పాను. నవ్వు ఆపేశాడు.

"అయితే సెల్లి తప్పేటీ లేదు. ఇంటికెల్లి ముందు ఆ మాట సెప్పు."

చెప్తానన్నాను. దారి పొడవునా చెప్దామనే అనుకున్నాను. వాకిట్లో కారు ఆపేసరికి, చర్చి ఆవరణలో నేను కప్పలా గెంతడం గుర్తొచ్చింది. ఇప్పుడిది చెప్తే అందరూ నన్ను చూసి నవ్వుతారు. బెల్టులతోనే బతికేవాడిని, బెల్టు ముక్క అడ్డంపడిందని తెలుసుకోలేకపోయానంటారు. ఆమె వంటింట్లోంచి, మెకానిక్ ఏటన్నాడండీ అనడిగింది. క్లచ్ ప్లేట్ అరిగిపోయిందట, మార్పించేశానన్నాను.

"నా వల్లేనా?"

నేను చొక్కా విప్పుకుంటూ ఉండిపోయాను. అంతే. ఆమె తన దగ్గరున్న కారు తాళం తెచ్చి మేకుకి తగిలించింది.

తర్వాత రోజూ రెండు బస్సులు మారి మధురవాడ వెళ్ళొచ్చింది. ఏడాదిన్నర అలా తిరిగి, ఒంట్లో ఓపిక లేక మానేసింది. ఇంటి దగ్గర ఒక చిన్న స్కూల్లో చేరింది. ఆ ఏడాదిన్నరా పొద్దున్నే ఆమె చెప్పులేసుకుంటుంటే నాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పేపరు తీసి మళ్ళీ పక్కన పెట్టేవాణ్ణి, బయటికెళ్ళి కడిగిన కారునే మళ్ళీ కడిగేవాణ్ణి. ఒక్కసారి నడిపి చూడు అని అనొచ్చు. నడిపితే గేర్లు ఎందుకు మెత్తబడ్డాయో అడుగుతుందేమోనని అదీ అనలేదు. బెల్టు ముక్కని పారేయడానికి మనసు రాక పెరట్లో కుళాయి కింద వేశాను. ఆమె దాని మీదే నిలబడి బట్టలు ఉతుక్కునేది. నేను పెరట్లోకి వెళ్ళడం తగ్గించుకున్నాను.

మొన్నామధ్య కారు అమ్మేద్దామనుకున్నాం. దువ్వాడ నుంచి ఒక యువజంట చూడ్డానికి వచ్చారు. ఆ అమ్మాయి మధురవాడలో ఏదో ఐటీ ఆఫీసులో పని చేస్తుందట, తానే నడుపుకుంటూ వెళ్తుందట. వీధి చివరిదాకా నడిపి వచ్చి, గేర్లు భలే మెత్తగా ఉన్నాయంది. నేను సరే అనబోతున్నాను. మా ఆవిడ అందుకుంది.

"ఓ మాట ముందే చెప్పేస్తన్నానమ్మా. దీనికి క్లచ్ ప్లేట్ ఓసారి మార్చాం. నాకు నడపడం చేతకాక పాడుచేశాను. రేపు తెలిస్తే దాచేమనుకుంటారు."

మార్చిన బిల్లు ఉందా అని ఆ అబ్బాయి అడిగాడు. చూస్తానంటూ ఆమె లోపలికి వెళ్ళింది. కాగితాలన్నీ ఆమే దాస్తుంది. బిల్లు ఎక్కడో పోయిందని నేను అనొచ్చు, వాళ్ళు నమ్ముతారు. వాకిట్లో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాను. లోపల బీరువా తలుపు చప్పుడు, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఆగలేదు. లేని బిల్లు కోసం ఆమె వెతుకుతూనే ఉంది.

లోపలికి వెళ్ళాను. ఆమె మంచం మీద ఫైలు పరుచుకుని కూర్చుంది. వెతకొద్దని చెప్పాను. పెడల్ కింద బెల్టు ముక్క సంగతి, మెకానిక్ అన్న మాట, అన్నీ చెప్పాను. ఆమె చేతిలో ఏదో రసీదు ఉంది, దాన్నే చూస్తూ వింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సోమవారమే."

ఆమె ఫైలు మూసి పక్కన పెట్టింది.

"ఆ రోజు అందరి ముందూ అన్నారు. ఇది ఇలా గదిలో చెప్తే సరిపోద్దా?"

లేచి వాకిట్లోకి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. ఆ ఇద్దరూ కారు పక్కన నిలబడి మా ఇద్దరి మొహాలూ చూస్తున్నారు. బిల్లు లేదనీ, క్లచ్ ప్లేట్ మార్చలేదనీ, ఆమెకి తెలిసింది నేను చెప్పిన అబద్ధమనీ వాళ్ళకి చెప్పాను. తర్వాత ఆమె వైపు తిరిగాను. వాళ్ళకి వినబడేలాగే అన్నాను.

"నువ్వు బాగానే నడిపేవు. చేతకానిది నాకు. తెలిసీ ఇన్నేళ్ళు చెప్పలేదు. నన్ను క్షమించు."