ఊఁ కొట్టించిన గొంతు

టెలిఫోన్ కంపెనీ కార్యాలయంలో ఆమెను అందరూ కథలమ్మ అని పిలిచేవారు. నిజానికి ఆమె ఎన్నడూ ఎవరికీ కథలు చెప్పి ఎరుగదు. ఖాతాదారులకు ఫోన్ చేసి, షరతులు చదివి వినిపించి, వారి సమ్మతి తీసుకోవడమే ఆమె ఉద్యోగం. అయితే అంతటి పొడిమాటలను సైతం ఆమె చదువుతూ ఉంటే, పసితనంలో పడక పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నట్టుండేది. వాక్యం చివర చిన్న విరుపు, ఆ తరువాత చిటికెడు మౌనం. ఆ మౌనంలో అవతలివారు తమకు తెలియకుండానే ఊఁ కొట్టేవారు.

పాత తీగల కనెక్షన్లను తీసివేసి కొత్త రకం కనెక్షన్లు ఇవ్వడానికి కంపెనీ పూనుకున్న నాటినుంచి ఆ ‘ఊఁ’కు విలువ పెరిగింది. కొత్త కనెక్షన్‌తో నంబరు మారుతుంది. పాత నంబరే ఉంచమని కోరే హక్కు ఖాతాదారుకు ఉంది. ఈ రెండు సంగతులూ విడమరచి చెప్పి, “మీకు సమ్మతమేనా?” అని అడిగి, “అవును” అన్న మాట వారి నోటినుంచి వెలువడిన పిమ్మటే మార్చాలన్నది నిబంధన. మొదట్లో ఆమె ఆ నిబంధన తప్పలేదు. కానీ ఆ ప్రశ్న వినగానే మనుషులు ఉలిక్కిపడేవారు. “మా ఆయన్ని అడిగి చెబుతానండీ” అని ఒకరు, “ఇంతకీ ఇదంతా దేనికి?” అని మరొకరు మళ్ళీ మొదటికి వచ్చేవారు. అడగకుండా చదువుకుంటూ పోతే మాత్రం హాయిగా ఊఁ అంటూనే ఉండేవారు. క్రమంగా ఆమె అడగడం మానివేసింది. చివరి ఊఁ చెవిన పడగానే సమ్మతి మీట నొక్కేది. అది తప్పని ఆమెకు తోచలేదు, తోచనివ్వలేదనడం న్యాయం.

“మీ గొంతులో ఏం మందు కలుపుతారండీ?” అనేవాడు సూపర్‌వైజరు. “మేం ఫోన్ చేస్తే తిట్లు తింటాం. మీరు చేస్తే జోకొట్టించుకుంటారు!”

ఒకనాడు ఫిర్యాదుల కిటికీ దగ్గరి ఉద్యోగిని సెలవు పెట్టడంతో, కథలమ్మను అక్కడ కూర్చోమన్నారు. ఇస్త్రీ దుకాణం నడుపుకునే ఒక స్త్రీ వచ్చింది. కణతల దగ్గర జుట్టు నెరిసిన మగమనిషి ఒకడు, బడికి వచ్చిన పిల్లవాడిలా ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

“నా నంబరు నాకు ఇప్పించండమ్మా.”

“ఏ నంబరండీ?”

ఆవిడ నోరు తెరిచేలోపే ఆ మనిషి నంబరంతా రాగం తీసి అప్పజెప్పాడు. చెప్పి, మెచ్చుకుంటారేమోనని ఇద్దరి ముఖాలూ చూశాడు.

“మా తమ్ముడు,” అన్నది ఆవిడ. “మనిషి ఎదిగాడు గానీ బుద్ధి ఎదగలేదు. వీధి పేరు రాదు. నా పేరేంటంటే అక్క అంటాడు. వాడికి వచ్చిందల్లా ఆ నంబరొక్కటే. అది నేర్పేసరికి మా తాతలు దిగొచ్చారు. దారి తప్పితే ఎవరో ఒకరికి చెప్తాడు, వాళ్ళు ఫోన్ చేస్తారు, నేను పోయి తెచ్చుకుంటాను. మొన్న తప్పిపోయాడు. మందుల షాపాయన పాపం ఫోన్ చేశాడట. ఆ నంబరే లేదందట మీ ఫోను. పిచ్చివాడనుకుని పంపేశాడు. చీకటి పడ్డాక రైల్వే స్టేషన్లో దొరికాడమ్మా.”

“కొత్త నంబరు నేర్పి చూశారా?”

“నేర్పుతున్నా. పాతదీ కొత్తదీ కలిపి మూడోది చెప్తున్నాడు.”

కథలమ్మ కంప్యూటరులో వెదికింది. ఆవిడ లోగడ చేసిన ఫిర్యాదు కనబడింది. ‘ఖాతాదారు సమ్మతి రికార్డయి ఉన్నది, పరిష్కరింపబడినది’ అని దాని కింద ముగింపు.

“మీరే ఒప్పుకున్నారని ఉందండీ.”

“నేనా? ఎప్పుడు? ఏదీ, వినిపించండి.”

వినే హక్కు ఆవిడకు ఉన్నది. కథలమ్మ రికార్డింగు పెట్టింది. ముందుగా వినబడినది తన గొంతే. మునుపెన్నడూ దానిని ఆమె బయటినుంచి విని ఉండలేదు. తేనె పూసినట్టు, తొందర లేనట్టు, ఎవరికీ ఏ కీడూ తలపెట్టనట్టు సాగుతున్నది. వెనుక తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఆనిన చప్పుడు. “...దీనితో మీ పాత నంబరు రద్దయి, వేరే నంబరు వస్తుంది...” చిటికెడు మౌనం. దూరంనుంచి, “అక్కా, నీళ్ళు తాగనా?” “ఊఁ.”

అంతటితో రికార్డింగు ఆగిపోయింది. అక్కడ మీట నొక్కినది తానే.

“ఆ ఊఁ వీడికమ్మా,” అన్నది ఆవిడ నెమ్మదిగా. “దాహమేసి అడిగితే తాగమన్నాను.”

“తాగాను,” అన్నాడు తమ్ముడు, సాక్ష్యం చెబుతున్నట్టు.

కథలమ్మ లేచి సూపర్‌వైజరు గదికి పోయింది. ఆయన అంతా విని తల గోక్కున్నాడు.

“ఊఁ ఉందా, లేదా?”

“ఉందండీ. కానీ అది మనకి కాదు.”

“ఎవరికైతే మనకేం? చూడండి, అది సమ్మతి కాదని మీరు రాశారా, రేపు మీ ఊఁలన్నీ తవ్వుతారు. కోరి నెత్తిన పెట్టుకోకండి. ఇంకొన్నాళ్ళు పోతే ఆ నంబరు వేరొకరికి వెళ్ళిపోతుంది. తర్వాత ఇవ్వాలన్నా ఇవ్వలేం, గొడవ వదిలిపోతుంది.”

ఆమె తిరిగి వచ్చి, “విచారించి చెబుతామండీ,” అన్నది. కంపెనీ జవాబు నచ్చని ఖాతాదారు పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చునని రాసిన బోర్డు ఒకటి తన కుర్చీ వెనుక గోడమీద వేలాడుతున్నది. కుర్చీ కొంచెం పక్కకు జరిపినా ఆవిడ కంటపడేది. కథలమ్మ కుర్చీ జరపలేదు. అక్కాతమ్ముళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆ సాయంత్రం ఆమె భర్తకు అన్నం వడ్డించింది. ఊఁ అంటే సరే అనే అర్థమని లోకంలో ఒక్కరైనా అంటే బాగుండునని ఆమె ఆశ. గోడకు చేరగిలబడి మోకాళ్ళు రాసుకుంటున్న అత్తగారివైపు తిరిగింది.

“అత్తయ్యా, మీ పాత బీరువాలో చెదలు పట్టాయి. అమ్మేద్దామనుకుంటున్నాం.”

“ఊఁ.”

“అయితే రేపు కొనేవాణ్ణి రమ్మంటాను.”

“ఏం కొనేవాణ్ణి?”

“బీరువా. మీరు ఊఁ అన్నారుగా?”

“చెవులు పనిచేస్తున్నాయని చెప్పానే తల్లీ! నా బీరువా జోలికొస్తే కాళ్ళు విరగ్గొడతాను, ఇద్దరికీ!”

“నన్నెందుకు కలుపుతావమ్మా మధ్యలో?” అంటూ ఆమె భర్త పొరబోయేటట్టు నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి.

మరునాడు ఆఫీసుకు పోతూ, ఖాతాలో చూసుకున్న చిరునామా పట్టి ఇస్త్రీ దుకాణం ముందు ఆగింది. తమ్ముడు చొక్కాలకు బొత్తాములు పెడుతున్నాడు.

“పై అధికారికి అప్పీలు చేసుకునే హక్కు మీకుందండీ. స్పష్టంగా అవునంటేనే నంబరు మార్చాలి. నిన్ననే చెప్పాల్సింది,” అన్నది కథలమ్మ.

“చెప్పారుగా, చాలు. ఎక్కడ ఇవ్వాలి?” అని అడిగింది ఆవిడ, చెయ్యి తుడుచుకుంటూ.

ఆవిడ అప్పీలు చేసింది. దానికి తోడుగా కథలమ్మ తన వాంగ్మూలం రాసి ఇచ్చింది. తాను ప్రశ్న అడగలేదనీ, ఆ ఊఁ తనకు చెప్పినది కాదనీ, తెలిసి తెలిసి మీట నొక్కడం తనకు అలవాటయిందనీ రాసింది. మూడవ వాక్యం రాయనక్కరలేదని సూపర్‌వైజరు బతిమాలాడు. ఆమె కొట్టివేయలేదు. అప్పటినుంచి ఆయన ఆమెతో ముభావంగా ఉన్నాడు.

నంబరు తిరిగి వచ్చిన రోజున అక్కాతమ్ముళ్ళు ఆఫీసుకు వచ్చారు. కిటికీ దగ్గరి ఫోనులో తమ్ముడు ఒక్కొక్క అంకే పైకి చదువుతూ నొక్కాడు. దుకాణంలో కూర్చోబెట్టి వచ్చిన పక్కింటావిడ ఎత్తి, “ఎవరూ?” అన్నది. అతడు జవాబు చెప్పక, ఫోన్ చెవికి అదుముకుని పకపకా నవ్వాడు.

“మీ మేలు మరచిపోనమ్మా,” అన్నది అక్క.

ఆ మాట కథలమ్మకు చెంపదెబ్బలా తగిలింది. “ఆ రోజు మీకు ఫోన్ చేసిన గొంతు నాదేనండీ.”

“తెలుసు. ఇక్కడ మీరు నోరు తెరవగానే గుర్తుపట్టాను.”

“మరి ఒక్క మాటైనా అనలేదేం?”

“అని ఏం చేసుకోను? నంబరు మీ చేతిలో ఉందాయె. నేనొకటంటే మీ మనసు విరిగిపోతుందేమోనని భయమేసింది.”

“ఇప్పుడైనా తిట్టండి.”

“ఇప్పుడెందుకమ్మా! బట్టలు గుట్టపడి ఉన్నాయి,” అని ఆవిడ తమ్ముణ్ణి లేవదీసింది. ఫోన్ వదలనని అతడు మారాం చేశాడు. ఇంటికి పోయి మళ్ళీ చేసుకుందువుగాని అని బుజ్జగించి తీసుకుపోయింది.

కథలమ్మకు తెలిసినంతవరకు, భయపడి తనను నొప్పించక ఊరుకున్నది ఈవిడ ఒక్కతే. ఫిర్యాదు చేయడానికి కూడా రాని వారెందరో! ఆమె లేచి సూపర్‌వైజరు గదిలోకి వెళ్ళింది.

“నాకు పాత రికార్డింగులు కావాలండీ.”

ఆయన తలెత్తకుండానే అడిగాడు: “ఎవరివి?”

“నేను మాట్లాడినవి.”

“ఎప్పటినుంచి?”

“అడగడం మానేసినప్పటినుంచి.”