ఒక్క టైలూ పగల్లేదు

సీలు బాబాయ్‌కి ఈ లోకంలో రెండంటే ప్రాణం. ఒకటి కూతురు, రెండోది పెట్టెలు తట్టి చూసే గుప్పెడంత సుత్తి. ఆ సుత్తితో ఇక పనిలేదనిపించే యంత్రాన్ని ఆ కూతురే తెచ్చి, ఆయన ఆఫీసులోనే బిగించింది. ఇంక ఎవరితో చెప్పుకుంటాడు!

రేవు కస్టమ్స్‌లో తనిఖీదారుగా ఆయనది ముప్ఫై నాలుగేళ్ల నౌకరీ. కంటైనర్ తలుపుకి వేసిన సీలు చూసి లోపలి సరుకు జాతకం చెప్పేస్తాడని అందరూ ఆ పేరు పెట్టారు. అందులో సగం గొప్పలు, సగం నిజం. ఏది ఏ సగమో ఆయనకీ సరిగ్గా తెలియదు.

కొత్త పద్ధతి వచ్చాక ప్రతి కంటైనర్ వివరాలూ ముందు కంప్యూటర్‌కి చెప్పాలి. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు పంపారు, సరుకేమిటి, అన్నీ చూసి అది ఒక రంగు చెబుతుంది. ఎరుపైతే తెరవాలి, పసుపైతే కాగితాలు చూడాలి, పచ్చైతే దణ్ణం పెట్టి పంపించెయ్యాలి. "అంతర్జాతీయ ఒప్పందాల మీద సంతకం పెట్టాం. మంచి సరుకు ఆగకూడదు, దొంగ సరుకు దాటకూడదు" అని పెద్దసారు ప్రతి మీటింగులో చెప్పేవాడు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని ఎవరూ అడగలేదు. అడిగితే దానికోసం ఇంకో మీటింగు పెడతాడని భయం.

ఇంతకీ ఆ యంత్రానికి బుద్ధులు ఎవరు నేర్పారనుకున్నారు? సీలు బాబాయ్ రిజిస్టర్లే. ఇరవై రెండేళ్ల రిజిస్టర్లు కూతురు దగ్గరుండి ఎక్కించింది. "మా నాన్న కన్నుగప్పి ఒక్క పెట్టె కూడా బయటికి పోలేదు సార్. ఇవి చాలు" అని అందరి ముందూ చెప్పింది. ఆ రోజు ఆయన ఛాతీ చొక్కాలో పట్టలేదు. తీరా యంత్రం పని మొదలుపెట్టి, రోజుకి ఇరవై కంటైనర్లు చూసే మనిషి చేతికి మూడో నాలుగో మిగిల్చేసరికి అలక మొదలైంది.

"అది ముట్టుకుందా? వాసన చూసిందా? కూర్చున్న చోట కూర్చుని రంగులు చెప్పడానికి అదేమైనా చిలకా?" అని టీ బల్ల దగ్గర ఎవరు దొరికితే వాళ్లని పట్టుకుని వాయించేవాడు.

రిటైర్మెంటు ఇంక పద్దెనిమిది రోజులుందనగా ఆయన పంట పండింది. తనిఖీదారు తన ఇష్టం మీద రోజుకి ఒక్క పచ్చ కంటైనర్ తెరవొచ్చని రూలుంది. ఆ పొద్దున యార్డులో నడుస్తుంటే ఒక కంటైనర్ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. తలుపంతా తుప్పు, కానీ గడియ బోల్టుల మీద మాత్రం తడి ఆరీ ఆరని రంగు. సీలు ముట్టుకోకుండా బోల్టులే విప్పి మళ్లీ బిగించారన్నమాట! కాగితాల్లో 'నేల టైల్స్' అని ఉంది. టైల్స్ అన్న మాట చూసి ఒక్క క్షణం వెనకాడాడు. తర్వాత కూలీలని కేకేశాడు.

ముందు రెండు వరసలు టైల్స్. వాటి వెనకాల, గోనెపట్టాలు చుట్టి, మూరెడు మూరెడు ముక్కలుగా కోసిన ఏనుగు దంతాలు. ఎవరూ కొనకూడదు, ఎవరూ అమ్మకూడదు అని దేశదేశాలు కూర్చుని రాసుకున్న సరుకు.

"పచ్చట! రావే అమ్మలూ, వచ్చి చూడు నీ పచ్చ!" అని యార్డు మారుమోగేలా అరిచాడు. జనం చప్పట్లు కొట్టారు. కూతురు వచ్చింది, చూసింది, మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. అయ్యో అనిపించింది ఆయనకి. అయినా గెలిచిన గర్వం ముందు ఆ అయ్యో ఎంతసేపు నిలుస్తుంది!

పెద్దసారు ఆమెని పిలిచి చెప్పేశాడు. "వచ్చే వారం బయటి దేశాల తనిఖీ బృందం వస్తోంది. దీనికి పచ్చ ఎందుకొచ్చిందో రేపు సాయంత్రానికి రాసివ్వు. యంత్రం తప్పైతే దాన్ని మూసేస్తాం, నిన్ను పాత ఫైళ్ల గోడౌనుకి పంపేస్తాం." మూడేళ్లు తిండీ తిప్పలూ మానేసి చేసిన పని ఒక్క కాగితానికి వేలాడింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, టైల్స్ కంటైనర్లు ఎన్ని చూసుంటావ్?"

"లెక్కెవడికి తెలుసే? బోలెడు."

"పదకొండు వందల నలభై. అన్నిటికీ ఒకటే ముక్క రాశావు. 'తెరిచి చూడటమైనది, సక్రమముగా ఉన్నది.'"

"సక్రమంగా ఉంటే ఉందని రాయక ఏడవమంటావా?"

"మన వంటింటికి టైల్స్ ఎన్ని పెట్టెలు తెచ్చాం?"

జవాబు వంటింట్లోంచి వచ్చింది. "ఆరు పెట్టెలు, పగిలినవి తొమ్మిది. కొట్టువాడితో పోట్లాడింది నేనేగా! పొయ్యి వెనకాల ఆ అతుకులు ఇంకా అలాగే ఉన్నాయి, మీ నాన్నకి కనబడవు" అంది ఆయన భార్య.

"ఆరు పెట్టెల్లో తొమ్మిది. మరి సముద్రాలు దాటి వచ్చిన పదకొండు వందల నలభై కంటైనర్లలో ఒక్క టైలూ పగల్లేదా నాన్నా?"

సీలు బాబాయ్ చెయ్యి నడుం మీదికి పోయింది. ఎప్పుడో ఒకసారి టైల్స్ పెట్టె ఎత్తబోతే నడుం పట్టేసింది, నిజమే. నెల్లాళ్లలో తగ్గిపోయింది, అదీ నిజమే. కానీ 'నా నడుం సంగతి తెలుసుగా' అన్న మాట మాత్రం ఇంటా బయటా ఇరవై రెండేళ్లు నడిచింది. టైల్స్ వస్తే తలుపు మీద సుత్తితో రెండు దెబ్బలు, రిజిస్టరులో ఒక సంతకం. యార్డులో అందరూ అంతే చేసేవాళ్లు. టైల్స్‌లో ఎవడు ఏం దాస్తాడని!

"యంత్రం తప్పేం చెయ్యలేదు నాన్నా. నువ్వు చెప్పింది నమ్మింది. నాలాగే" అంది కూతురు. కళ్లు తుడుచుకుని లేచింది. "పోనీలే, యంత్రం తప్పేనని రాసిచ్చేస్తాను. నీకు పద్దెనిమిది రోజులేగా ఉంది. పరువుగా దిగిపో."

ఆ మాట ఆయన గుండెల్లో దిగింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆఫీసు తీస్తూనే పెద్దసారు బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. 'టైల్స్ కంటైనర్లు నేను తెరవలేదు. తెరిచినట్టు రాశాను. యంత్రం తప్పు లేదు.' కింద సంతకం.

పెద్దసారు చదివాడు. మళ్లీ చదివాడు. మొహంలో రంగులు ఒక్కొక్కటే మారి చివరికి ఏ రంగూ మిగల్లేదు. ఎందుకంటే ఆ ఇరవై రెండేళ్లలో పద్నాలుగేళ్లు, 'తనిఖీ నా ఎదుట జరిగినది' అని కింద సంతకం పెట్టిన పై అధికారి ఈయనే.

"బాబాయ్, వంట్లో బాగానే ఉందా?"

"నేను తెరవలేదు సార్."

"తెరిచారు."

"లేదు సార్..."

"తెరిచారంటున్నానుగా! నా సంతకం ఉంది!"

కాగితం సొరుగులోకి వెళ్లింది, సొరుగుకి తాళం పడింది. పెద్దసారు కిటికీలోంచి సముద్రం కేసి చాలాసేపు చూసి, "తేమ" అన్నాడు. యంత్రం గదిలోకి సముద్రపు తేమ చేరడం వల్ల రంగు తారుమారైందని నివేదిక తయారైంది. పరిష్కారంగా ఆ గదికి రెండు ఏసీలు మంజూరయ్యాయి. వచ్చిన బృందం ఏసీల చల్లదనానికి ముచ్చటపడి, ఇంత నిజాయితీగా లోపం ఒప్పుకున్న రేవుని చూడలేదని రాసి పోయింది. యంత్రం నిలిచింది, కూతురి కుర్చీ నిలిచింది. ఇరవై రెండేళ్ల అబద్ధం దర్జాగా చెల్లిన చోట, సీలు బాబాయ్ రాసిన ఆ ఒక్క నిజమూ చెల్లలేదు.

కాలిపోయింది ఆయనకి. ఎవరి మీదని కాలుతాడు?

కాగితం సొరుగులో పడ్డ మర్నాటి నుంచే నడుముకి పట్టీ బిగించి, తన ఇష్టం మీద తెరవగలిగే ఆ ఒక్క కంటైనరూ టైల్స్‌దే తెరిపించాడు. "బాబాయ్, దిగిపోయే ముందు ఈ పిచ్చేంటి?" అని కూలీలు నవ్వారు. ఆయన ఒక్కో పెట్టె దింపించి, అట్ట విప్పి, టైల్స్ తట్టి చూసి రాసేవాడు. దొంగ సరుకు లేదు, మూడు పగిలినవి. దొంగ సరుకు లేదు, పన్నెండు పగిలినవి. ఆ రాతలు ఏ రోజువి ఆ రోజే యంత్రంలోకి ఎక్కేవి. పన్నెండో రోజున అది టైల్స్‌కి మొదటిసారి పసుపు చూపించింది. ఏమిటీ గోల అని పెద్దసారు విసుక్కున్నాడు గానీ గట్టిగా అనలేకపోయాడు. సొరుగు గుర్తొచ్చిందేమో.

చివరి రోజు సభ పెట్టి గోడ గడియారం ఇచ్చారు. "తెరవకుండా ఒక్క పెట్టెనీ వదలని మనిషి" అని పెద్దసారు గొంతు గద్గదం చేసుకుని మరీ చెప్పాడు. హాలంతా చప్పట్లు. కూతురు మాత్రం హాల్లో లేదు.

గడియారం చంకన పెట్టుకుని యంత్రం గదికి వెళ్లాడు. ఆమె ఆ పొద్దున ఆయన రాసిన ఆఖరి తనిఖీ చూస్తోంది.

"పగిలినవి ఏడా నాన్నా?"

"ఏడే. రెండుసార్లు లెక్కపెట్టాను."

ఆమె లేచి తన కుర్చీ ఆయనకి వేసింది. "నడుం ఎలా ఉంది?"

"నొప్పిగా ఉందే అమ్మలూ" అన్నాడు.

ఆమె మళ్లీ నమ్మింది.