చూపించిన చేప

ఆ చైనా రెస్టారెంటులో చేప తినాలంటే ముందు దాన్ని ప్రాణంతో చూడాలి. అది అక్కడి పద్ధతి. అద్దాల తొట్టిలో ఈదుతున్నదాన్ని బుట్టలోకి పట్టి, టేబుల్ దగ్గరికి తెచ్చి, "ఇదేనండి మీది" అని చూపించాలి. తినేవాళ్లు తలూపాకే అది వంటింట్లోకి వెళ్తుంది. ఈ చూపించే పని పందొమ్మిదేళ్లుగా ఒక్కడిదే. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు, అందరికీ చేపల మామ. మనిషి మహా చాదస్తుడు. తొట్టిలో నీళ్లు కాస్త వెచ్చబడితే తనకే జ్వరం వచ్చినట్టు గింజుకునేవాడు. పైన వేలాడే దీపాలు, సిల్కు తెరలు, టేబుల్ మధ్య తిరిగే గాజు పళ్లెం, వీటన్నిటికీ కలిపి కూడా తన మాటకున్నంత విలువ లేదని అతని నమ్మకం. పొగరే అనుకోండి. ఉన్న ఒక్క ఆస్తిని ఎవరైనా కాస్త నెత్తిన పెట్టుకుంటారు మరి.

ఆ రోజు మధ్యాహ్నం కిటికీ పక్క టేబుల్‌కి ఒక కుటుంబం వచ్చింది. ఎనభయ్యో పుట్టినరోజు జరుపుకుంటున్న పెద్దావిడ, కొడుకు, కోడలు, ఇద్దరు మనవరాళ్లు. ఇంత ఖరీదైన చోటికి రావడం మొదటిసారని వాళ్లు కుర్చీల అంచున కూర్చోవడంలోనే తెలుస్తోంది. తొట్టిలో ఉన్న ఒకే ఒక్క పెద్ద చేపను మామ బుట్టలో తీసుకెళ్లాడు. పెద్దావిడ మొహమాటపడకుండా మొప్ప ఎత్తి చూసింది. నలభై ఏళ్లు మార్కెట్లో చేపలు కోసిన చెయ్యట అది. ఇదైతే బాగుంది నాయనా అని తలూపింది.

బుట్టతో వెనక్కి తిరిగాడో లేదో, మేనేజరు నడవలో ఆపాడు. లోపలి గదిలో యజమాని స్నేహితులు దిగారు, వాళ్లకీ ఇదే చూపించమన్నాడు. మరి కిటికీ టేబుల్ సంగతేమిటని మామ అడిగితే, పొద్దున తొట్టిలో చచ్చి తేలినది ఐసులో ఉందిగా, అల్లం దండిగా వేస్తే దాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదని నవ్వాడు. మామ కదల్లేదు. అప్పుడు మేనేజరు గొంతు తగ్గించాడు.

"మీ అల్లుణ్ణి ఆవిరి పొయ్యి దగ్గర పెట్టింది నేనే మామా. ఆ సంగతి గుర్తుంచుకో."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అల్లుడు ఏడాది పాటు పని కోసం చెప్పులరిగేలా తిరిగి, ఇక్కడ చేరి నాలుగు నెలలైంది. కూతురికి ఏడో నెల. మామకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. బతికున్న చేపను లోపలి గదిలో చూపించి, చచ్చినదాన్ని అల్లుడి చేతికిచ్చాడు. అల్లుడు దాన్నీ మామ మొహాన్నీ చూసి, ఆవిరికి పెట్టాడు. ఉడకడానికి తొమ్మిది నిమిషాలు. గోడకు ఆనుకుని నిలబడి మామ ఎన్ని సాకులు వెతుక్కున్నాడో! చేప చేపే కదా, ప్రపంచంలో ఇంతకంటే పెద్ద మోసాలు లేవా, ఆమాత్రానికి ఎవరు చస్తారు. ఒక్క సాకూ గొంతు దిగలేదు.

పళ్లెం తనే తీసుకెళ్లాలి. చేప తల పెద్దవాళ్లవైపు ఉండేట్టు పెట్టాలి, అదీ అక్కడి పద్ధతే. పెట్టి మూత తీశాడు. ఆవిరి తేలిపోయాక పెద్దావిడ వంగి చూసింది. ప్రాణంతో ఉన్నదాన్ని అప్పటికప్పుడు వండితే కన్ను తెల్లటి పూసలా పైకి ఉబుకుతుంది. ఈ చేప కన్ను గుంటపడి ఉంది. దాని అర్థం ఆ హాలు మొత్తం మీద బాగా తెలిసినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

"నువ్వు చూపించిందేనా నాయనా?"

మేనేజరు రెండు టేబుళ్ల అవతల నిలబడి ఇటే చూస్తున్నాడు. అదేనండి అన్నాడు మామ. పందొమ్మిదేళ్లలో మొదటి అబద్ధం. ఛీ, ఎంత తేలిగ్గా వచ్చింది!

పెద్దావిడ అతన్ని చూసింది, అతని భుజం మీదుగా మేనేజర్నీ చూసింది. చిన్న మనవరాలు చెయ్యి చాపితే దాన్ని మెల్లగా పక్కకు తోసి, పళ్లెం తనవైపు లాక్కుంది. పుట్టినరోజు నాది, చేపంతా నాకే, మీరు నూడుల్స్ తినండర్రా అంది. కోడలు నవ్వింది, పిల్లలు మూతులు ముడిచారు. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి మింగింది. రెండో ముక్క తుంచింది.

తిట్టి ఉంటే మామ పడేవాడు. పళ్లెం విసిరికొట్టినా తుడుచుకుని పోయేవాడు. ముక్కూమొహం తెలియని మనిషి, మామ ఉద్యోగం నిలబెట్టడానికి, తన పుట్టినరోజు పూట పాడుచేప మింగుతోంది.

"తినకండమ్మా," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే పెద్దగానే వచ్చింది. "ఇది నేను చూపించిన చేప కాదు. ఎప్పుడో పొద్దున చచ్చింది. మీతో అబద్ధం చెప్పాను."

పక్క టేబుళ్ల వాళ్లు తినడం ఆపి చూశారు. ఎందుకన్నావయ్యా, నేను తినేసేదాన్నిగా అని పెద్దావిడ విసుక్కుంది. మేనేజరు గబగబా వచ్చి, నవ్వుతూ ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పి, అదే నవ్వుతో మామ చెవిలో, రేపటి నుంచి మామా అల్లుళ్లు ఇద్దరూ రానక్కర్లేదన్నాడు.

పళ్లెం పట్టుకుని మామ వంటింట్లోకి వచ్చాడు. అల్లుడు అప్పటికే అంతా విన్నాడు. ఏప్రాన్ విప్పి మడతపెడుతున్నాడు. మడతపెట్టిందే మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు.

"మీరు చేసింది తప్పని అనను మామయ్యా," అన్నాడు చివరికి, తలెత్తకుండా. "కానీ ఇంటికెళ్లి ఈ మాట నేను చెప్పలేను. మీ అమ్మాయికి మీరే చెప్పండి."

"చెప్తాను," అన్నాడు మామ. పళ్లెం పక్కన పెట్టి, అల్లుడి చేతిలోని ఏప్రాన్ తీసుకుని తనే మడతపెట్టాడు.