నడిపేవాడు లేని పడవ

2022 చలికాలం. సూరత్‌లో తాపీ నది సముద్రం వైపు సాగే చోట, హజీరాకు వెళ్లే దారిలో, ఒడ్డున నాకొక రేకుల షెడ్డు ఉంది. స్పీడ్‌బోట్ల మోటార్లు బాగుచేయడం నా పని. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి బమ్రోలిలో ఇల్లు తీసుకుని, జీవితమంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. నాకు ఆ పని అబ్బలేదు. ఓడల దగ్గరికి మనుషుల్ని చేరవేసే పడవల మీద పదేళ్లు మెకానిక్‌గా చేసి, తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నాను.

రాజేశం అన్న కూడా మా ఊరి వైపు మనిషే. ఒకప్పుడు మా నాన్న పక్క సాంచ మీద పనిచేసినవాడు. ఇప్పుడు ఆయనవే నలభై సాంచాలు. సరదాపడి ఒక పాత స్పీడ్‌బోటు కొన్నాడు. వెనక తొంభై హార్స్‌పవర్ మోటారు. దాన్ని సర్వీసు చేసి ఉంచితే, ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి బామ్మర్ది సంపత్‌తో వచ్చాడు. ఇద్దరి దగ్గరా వాసన గుప్పుమంది. గుజరాత్‌లో మందు నిషేధం. అయినా నిషేధం లేని దమన్ నుంచి సీసా తెచ్చుకునేవాళ్లకు కొదవలేదు.

"అన్నా, గివ్వాల వద్దు. రేపు పొద్దుగాల పోదాం, నేను గూడ వస్త," అన్నాను.

"రెండే పెగ్గులురా తమ్మీ. నాకు గదేం ఎక్కుతది?" అని నవ్వాడు. "తాళం ఇయ్యి."

మా నాన్న జబ్బుపడ్డప్పుడు ఆస్పత్రికి మోసుకెళ్లిన మనిషి. ఆయనకు ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. తాళం ఇచ్చాను. లైఫ్ జాకెట్లు మాత్రం నేనే తొడిగి, బకిళ్లు బిగించాను. కిల్ కార్డ్ కూడా కట్టుకొమ్మన్నాను. అది మెలికల ఎర్ర తాడు. ఒక కొస మోటారు స్విచ్‌కి ఉంటుంది, ఇంకో కొస నడిపేవాడు ఒంటికి తగిలించుకోవాలి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది.

"కుక్కకు గొలుసేసినట్టు నాకెందుకురా గది!" అంటూ దాన్ని స్టీరింగ్ పక్కనే వేలాడనిచ్చాడు.

స్పీడ్‌బోటుకు బ్రేకులుండవని చాలామందికి తెలియదు. వేగం పెరిగాక ముక్కు పైకి లేచి పడవ నీళ్ల మీద జారుతూ పోతుంది. దీన్ని ప్లేనింగ్ అంటాం. అప్పుడు మలుపు తిప్పాలంటే ముందు వేగం తగ్గించాలి. ఆ ఒక్క క్షణపు తెలివినే మందు లాగేసుకుంటుంది. పైగా ఎండ, గాలి, మోటారు అదురు కలిసి రెండు పెగ్గుల్ని నాలుగు చేస్తాయి.

ఒడ్డు నుంచి చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు మా ముందు నుంచి దూసుకుపోయారు. సంపత్ లేచి నిలబడి, "జీజా, ఘుమా! ఇంకా జోర్‌గ తిప్పు బావా!" అని కేకలు. మూడోసారి రాజేశం అన్న వేగం తగ్గించకుండానే స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. పడవ ఒరిగింది. ఆయన ఎగిరి నీళ్లలో పడ్డాడు. సంపత్ తల అంచుకు కొట్టుకుని లోపలే కూలబడ్డాడు.

మోటారు ఆగలేదు. పట్టుకునేవాడు లేక స్టీరింగ్ ఒక పక్కకు మళ్లిపోయింది. పడవ గుండ్రంగా తిరగసాగింది. ఆ గుండ్రం మధ్యలో, నారింజ రంగు జాకెట్‌లో, రాజేశం అన్న తల.

ఒడ్డున తన నాటు పడవలో చేపల వల సర్దుకుంటున్న రమణ్ కాకా అప్పటికే ఇంజను తిప్పేశాడు. అరవై ఏళ్ల మనిషి. నేను అందులోకి దూకాను. దగ్గరికి పోయి, "సంపత్! ఎర్ర తాడు గుంజు!" అని గొంతు చించుకుని అరిచాను. అతను మోకాళ్ల మీద లేచాడు, మళ్లీ పడిపోయాడు. అంతలో పడవ అన్న మీదుగా పోయింది. కేక వినిపించింది. ఆయన వెనక నీళ్లు ఎర్రబడ్డాయి.

తిరిగే పడవలోకి దూకితే నా శవమే లేస్తుంది. ఏం చేయాలో తోచక చుట్టూ చూస్తుంటే నా కళ్లు కాకా వల మీద పడ్డాయి. సాంచ షాఫ్టుకు దారం చుట్టుకుంటే ఎంత పెద్ద మోటారైనా బిగుసుకుపోవడం చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి.

"కాకా, జాల్..." అంటూ వల చూపించాను. మిగతా మాట నోట్లోనే ఉంది.

"నాఖ్, నాఖ్!" అంటే వెయ్యమని కాకా అరిచి, తనే సగం వల నీళ్లలోకి తోసేశాడు.

అది ఆయన బతుకుతెరువు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పడవ వచ్చే దారికి అడ్డంగా వల పరిచి వెనక్కి తప్పుకున్నాం. పడవ దాని మీదికి ఎక్కింది. వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. మోటారు రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

అన్నను పైకి లాగాం. పిక్క చీలిపోయి ఉంది. కాకా తన తలకున్న తువ్వాలు విప్పి బిగించి కట్టాడు. "తమ్మీ, నేను సచ్చిపోతనా?" అని అన్న అడుగుతుంటే, "లేదన్నా, ఒడ్డు వచ్చింది సూడు," అనడం తప్ప నాకింకేం చేతకాలేదు.

కాలు దక్కింది. సంపత్ తలకు కుట్లు పడ్డాయి.

మూడో రోజు ఆస్పత్రికి వెళ్లాను. పోలీసులు వాంగ్మూలం కోసం వస్తారని ముందే తెలుసు. గది బయట ఉండగానే లోపల సంపత్ మాట వినబడింది. "జీజా, మందు సంగతి జెప్తే కేస్ అయితది. సర్వీస్ మంచిగ చెయ్యలేదు, స్టీరింగ్ జామ్ అయిందని చెప్పు. ఖతమ్."

ఆ ఒక్క మాటతో నా షెడ్డు మూతపడేది. హజీరా దారిలో ఎవడూ నాకు మళ్లీ మోటారు ఇచ్చేవాడు కాదు.

"స్టీరింగ్ మంచిగనే ఉండెరా," అన్నాడు రాజేశం అన్న. "నా తలకాయే మంచిగ లేకుండె. వాడు వద్దన్నడు. నేనే ఇనలే."

పోలీసులకూ అదే చెప్పాడు. తాగానని ఒప్పుకున్నందుకు ఏడాదికి పైగా కోర్టు చుట్టూ తిరిగాడు, కర్ర పట్టుకుని.

ఆ రోజు నేను లోపలికి పోయి ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చాను. "తాళం నేనియ్యకుంటె గిదంత అయ్యేది గాదన్నా."

పక్కన కూర్చున్న ఆయన భార్య లక్ష్మక్క నా వైపు చూసింది. "ఇచ్చినవు. నిజమే. గని జాకెట్ గట్టిగ కట్టింది గూడ నువ్వే గద తమ్మీ. గందుకే గీయన ఈడున్నడు," అంది.

డిశ్చార్జ్ అయిన వారం రాజేశం అన్న స్వయంగా రమణ్ కాకా ఇంటికి కొత్త వల పట్టుకెళ్లాడు. కాకా వల పక్కన పెట్టి, ముందు కట్టు విప్పి చూపించమన్నాడట.

ఇన్నేళ్ల పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ రోజు తాళం ఇవ్వడమే. దాని ఫలితం నా మీద పడకుండా కాకా, అన్న, లక్ష్మక్క ముగ్గురూ కాపాడారు. పెద్దవాళ్లకు వద్దని చెప్పడం అమర్యాద అనుకునేవాణ్ణి. ప్రాణం మీదికొచ్చే చోట ఆ మొహమాటం మర్యాద కాదని అప్పుడు అర్థమైంది.

కిందటి చలికాలం ఒక మిల్లు యజమాని, సర్వీసుకిచ్చిన తన పడవ కోసం స్నేహితులతో వచ్చాడు. అదే వాసన. తాళం ఇవ్వనన్నాను. నలుగురి ముందు నానా మాటలూ అని, ఇంకెప్పుడూ నీ మొహం చూడనని వెళ్లిపోయాడు. అయినా తాళం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. ఆయనే. హిందీలో మెల్లగా అడిగాడు: "ఈరోజు ఏమీ తాగలేదు. రావచ్చా?"

"రండి సేఠ్," అన్నాను.