పచ్చట్లో కలిపిన మాత్ర

ఆరేళ్ల కిందట, మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో, మధ్యాహ్నం అన్నయ్యకు క్యారియర్ తీసుకెళ్లాను. అన్నయ్య మొదటి ముద్ద కుక్కకు పెట్టి, దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏందన్నయ్యా, ముందు దానికా వడ్డన?" అని నవ్వాను.

"దానికేం కాకపోతే నేను తింటా. అన్నంలో ఏదో కలుపుతున్నార్రా," అన్నాడు.

ఏదో తేడాగా ఉందనిపించింది. కానీ ఎవరికీ చెప్పలేదు.

తర్వాత అన్నయ్యకు నిద్ర పట్టకుండా పోయింది. కూలీలతో తగువులు మొదలయ్యాయి. తాయెత్తు కట్టించాం, పెదకాకాని గుడిలో ప్రదక్షిణలు చేయించాం. చివరికి ఒక నెలపాటు గొడ్లసావిట్లో గొలుసు వేసి ఉంచాం. తాళం వేసింది నేనే.

గుంటూరు ఆసుపత్రిలో బ్లడ్ టెస్టు, ఎక్స్‌రే, అన్నీ నార్మల్. డాక్టరు స్కిజోఫ్రీనియా అని రాసి, వాల్తేరు మెంటల్ హాస్పిటల్‌కు పంపారు. మేజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుని రైలెక్కాం. "పిచ్చాసుపత్రి అని ఊళ్లో అనబాకరా," అంది అమ్మ. అక్కడి ఎత్తయిన గోడలు చూసి అన్నయ్య నా చొక్కా పట్టుకున్నాడు.

"మళ్లీ ఎప్పుడొస్తావురా?"

"పది రోజుల్లో," అన్నాను. అప్పుడే సాగరు కాలువ పనిలో ఓవర్సీరుగా చేరాను. వెళ్లింది నలభయ్యో రోజున.

ఎనిమిది ఇ.సి.టి.లు, అంటే తలకు కరెంటు షాకులు, ఇచ్చారు. ఆ తర్వాత, కొత్తగా వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ మాత్రలు. అయిదు నెలలకు తగ్గింది. డిశ్చార్జి రోజున డాక్టరుగారు చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను: మోతాదు, వేళలు, చేతులు వణకవచ్చు, ఎండలో జాగ్రత్త. చివరగా ఆయన, "మాత్ర మీ అన్నయ్య చేతికే ఇవ్వండి. ఏమిటో చెప్పి ఇవ్వండి," అన్నారు. అది మందుకు సంబంధించిన సంగతిగా నాకు తోచలేదు. రాసుకోలేదు.

ఇంటికొచ్చాక రెండు నెలలు బాగున్నాడు. తర్వాత చేతులు వణుకుతున్నాయని మాత్రలు మానేశాడు. మళ్లీ మొదటి ముద్ద కుక్కకు వెళ్లింది.

"గోంగూర పచ్చట్లో కలిపెయ్యరా. ఆ కారానికి వాడికేం తెలుస్తుంది?" అంది అమ్మ.

ఉపాయం బాగుందనిపించింది. మాత్రను కాగితంలో మడిచి, సీసాతో పొడి చేసి, పూటకు ఇంతని భాగాలు పెట్టేవాణ్ని. మూడు వారాల్లో మనిషి కుదుటపడ్డాడు. నా పద్ధతికి నేనే మురిసిపోయాను.

కానీ అన్నయ్య మిరపకాయ కొరికి ఏ చేలోదో చెప్పగల మనిషి. ఒక రోజు అన్నం ముందు కూర్చుని అన్నాడు: "కారం తగలట్లేదురా. నాలుక మొద్దుబారుతోంది. నిజం చెప్పు, ఏమైనా కలుపుతున్నారా?"

పాత అనుమానంతో కాదు, మెల్లగా, నన్ను నమ్మి అడిగాడు.

"అది నీ జబ్బు అన్నయ్యా. నీ భ్రమ," అన్నాను.

"అంతేనంటావా," అని తల వంచుకుని మొత్తం తినేశాడు.

నాలుగో రోజు మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చి, నా చేతిలో సీసా, కాగితం మీద పొడి చూశాడు. కేకలేస్తాడనుకున్నాను.

"అయితే నాకు పిచ్చి లేదన్నమాట," అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్లు కూడా ముట్టలేదు. ఎముకలు తేలిన మనిషిని మళ్లీ వాల్తేరు తీసుకెళ్లాను. డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఆయన భయం నిజమేనని మీరే చూపించారు. ఇక మా మాట కూడా ఎందుకు నమ్ముతారు?" అన్నారు. ఈసారి ఏడాదిన్నర పట్టింది.

ఇప్పుడు అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. తలగుడ్డ చుట్టుకుని పొలం చూసుకుంటాడు. మాత్రల సీసా ఆయన దగ్గరే ఉంటుంది. ఒకటి మింగి, "రాసుకోరా ఓవర్సీరూ," అంటాడు. అన్నం మాత్రం వసారాలో తన పొయ్యి మీద తనే వండుకుంటాడు. అమ్మ గోంగూర నూరినప్పుడల్లా ఒక గిన్నె ఆ పొయ్యి పక్కన పెట్టి వస్తుంది. సాయంత్రం వెళ్లి, అలాగే ఉన్న గిన్నెను తెచ్చుకుంటుంది.

మీ ఇంట్లో ఇలాంటి జబ్బు ఉంటే, మందు తిండిలో కలపకండి. మనిషి వద్దంటే, వద్దంటున్నాడని డాక్టరుకు కార్డు రాయండి. ఇప్పటికే కలిపి ఉంటే, ఏమైనా కలిపారా అని ఆ మనిషి అడిగిన రోజున, కలిపామని చెప్పండి.