సాంచాలు ఆగితేనే మెలకువ

నిన్న సాయంత్రం మా అమ్మాయి బతిమాలితే రోలర్ కోస్టర్ ఎక్కాను. పార్కు నిండా జనం. లైన్లో నిలబడి నిలబడి కాళ్లు పీకేశాయి. తీరా కూర్చున్నాక బండి టకటకమంటూ పైకి ఎక్కుతుంటే, నమ్ముతారో లేదో, నాకు కునుకు పట్టింది.

సిరిసిల్లలో నాతో పెరిగినవాళ్లు నమ్ముతారులే. మరమగ్గాలను మనం సాంచాలు అనేవాళ్లం, గుర్తుందా? వాటి మోతే మనకు జోలపాట. గంజి వాసన, నూనె వాసన, అమ్మ నూలు కండెలు చుట్టే చోటనే మన చాప. ఆ మోతలో పక్కన ఎవరు పోట్లాడుకున్నా కదిలేవాళ్లం కాదు. సాంచాలు ఆగితేనే మెలకువ వచ్చేది.

అవి నక్సలైట్ల రోజులు. కరెంటు ఉండగానే వీధంతా ఒక్కసారి మూగబోయిందంటే పోలీసులైనా వచ్చినట్టు, అన్నలైనా వచ్చినట్టు. అమ్మ వెంటనే నా నోటి మీద చెయ్యి పెట్టేది.

"సప్పుడు చెయ్యకు బిడ్డా, వాళ్లు పోయేదాంక."

ఆ అరచేతికి నూలు దుమ్ము అంటుకుని ఉండేది.

నిన్న బండి పైకొసకు చేరగానే ఆ టకటక ఆగిపోయింది. ఉలిక్కిపడి కళ్లు తెరిచాను. ముందూ వెనకా అందరూ చేతులెత్తి ఒర్రుతున్నారు, ఒకటే కేకలు. నేను మాత్రం మా అమ్మాయి నోరు గట్టిగా మూసి పట్టుకున్నాను.

కిందికి వచ్చి బండి ఆగాక, పిల్ల నా చెయ్యి మెల్లగా తీసింది.

"అమ్మా, గిక్కడ ఒర్రచ్చు" అంది.